ఊరు దేనిమీద బతుకుతుంది?
పట్టణ ఆర్థికాభివృద్ధి రంగంలో చదువులు, ఉద్యోగాలు – తమ్ముళ్ళకు ఒక పాఠం



గోరంట్ల సాంఘిక సంక్షేమ వసతి గృహంలో ఒకే గదిలో ట్రంకు పెట్టెలు పక్కపక్కన పెట్టుకుని చదువుకున్న ముగ్గురం కలిసి ఈ వ్యాసం రాస్తున్నాం. మాలో ఒకరు అర్థశాస్త్రం ఎం.ఏ. చేశారు. ఇంకొకరు ప్లానింగ్ చదివారు. మూడోవారు సోషల్ వర్క్ చదివి పట్టణ పేదల సంఘాలతో పనిచేస్తున్నారు. ముగ్గురి దారులూ చివరికి ఒకే పనిలో కలిశాయి. ఆ పని పేరు పట్టణ ఆర్థికాభివృద్ధి. పేరు పెద్దది గానీ విషయం చిన్నది. ఒక ఊరు దేనిమీద బతుకుతుంది, రేపు దేనిమీద బతకాలి, ఆ బతుకులో ఎవరి వాటా ఎంత అని లెక్క చూసి, దానికి తగిన ఏర్పాటు చేయించడమే ఈ పని.

పోయిన వార్షికోత్సవానికి వచ్చినప్పుడు ఒక తమ్ముడు మమ్మల్ని అడిగాడు: "అన్నా, పీజీ అయినాక డీఎస్సీ, గ్రూప్స్, పోలీసు ఇవి కాకుండా ఇంకేమన్నా ఉందా?" బస్సుకు టైమై అప్పుడు సరిగ్గా జవాబు చెప్పలేకపోయాం. ఈ వ్యాసమే ఆ జవాబు.

రెండేళ్ళ ముందు చెప్పాల్సిన మాట

ముందుగా మనసులో మిగిలిపోయిన ఒక సంగతి చెప్పాలి. మా తర్వాత హాస్టల్లో ఉన్న ఒక తమ్ముడు 2017లో పదో తరగతి పాసయ్యాడు. అందరూ చేరుతున్నారని ఇంటర్‌లో చేరాడు. 2019లో హైవే పక్క ఒక కర్మాగారంలో మనుషుల్ని తీసుకుంటున్నారని విని, సర్టిఫికెట్లు జిరాక్సు తీయించుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. ఐ.టి.ఐ. ఉందా, డిప్లొమా ఉందా అని అడిగారు. రెండూ లేవు. అదే వారం బెంగుళూరు బస్సెక్కి ఒక అపార్ట్‌మెంటులో సెక్యూరిటీ పనికి చేరాడు.

ఇందులో అడిగినవాళ్ళ తప్పు లేదు, వాడి తప్పూ లేదు. తేదీలు మాత్రం చూడండి. కియా మోటార్స్ సంస్థ మన రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం చేసుకున్నది 2017 ఏప్రిల్‌లో. పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గర సెల్టోస్ కారు ఉత్పత్తి మొదలైంది 2019 ఆగస్టులో. మధ్యలో రెండేళ్ళకు పైగా వ్యవధి ఉంది. ఐ.టి.ఐ.లో ఫిట్టరు కోర్సు రెండేళ్ళు, ఎలక్ట్రీషియను కోర్సు రెండేళ్ళు, వెల్డరు కోర్సు ఒక్క ఏడే. అంటే 2017లో పది పాసైన పిల్లవాడు ఆ ఏడే ఐ.టి.ఐ.లో చేరి ఉంటే, మొదటి కార్లు బయటికి వచ్చేనాటికి చేతిలో సర్టిఫికెట్టుతో ఉండేవాడు.

ఆ మాట 2017 జూన్‌లో హాస్టల్‌కు వచ్చి చెప్పినవాళ్ళు లేరు. ఎక్కడో శిక్షణలు జరిగే ఉంటాయి, ఆ కబురు మాత్రం వాడి చెవిదాకా రాలేదు. ఏ పరిశ్రమ వస్తోంది, ఎప్పటికి ఎలాంటి పనివాళ్ళు కావాలి, ఆ పని నేర్చుకోవడానికి ఎన్నాళ్ళు పడుతుంది, మన పిల్లలకు ఆ కబురు ఎవరు చేరవేయాలి – ఈ నాలుగు ప్రశ్నలు ముందుగా వేసుకుని జవాబు తయారుచేసే ఉద్యోగం ఒకటుంది. మేము చెబుతున్నది ఆ ఉద్యోగం గురించే.

మన మండలమే మన పాఠ్యపుస్తకం

ఈ విద్యకు పాఠాలు మన చుట్టూనే ఉన్నాయి. నాటి అనంతపురం జిల్లాలో, 2022 ఏప్రిల్ నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్న మన ప్రాంతంలో కురిసే వాన ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది. వేరుశనగ ఒక్కదాన్నే నమ్ముకుంటే ఏమవుతుందో మన ఇళ్ళలో అందరికీ తెలుసు. వాన తప్పితే చేను ఎండుతుంది, చేను ఎండితే ఇంటికి తాళం పడుతుంది, అమ్మానాన్నలు బెంగుళూరు పోతారు, పిల్లలు హాస్టల్‌కు వస్తారు. మనలో ఎంతోమంది కథ ఇదే. ఒక ప్రాంతం ఒకే ఆదాయం మీద ఆధారపడితే వచ్చే నష్టం గురించి పెద్ద యూనివర్సిటీల్లో చెప్పే పాఠం మనం అనుభవించి వచ్చాం.

రెండో పాఠం లేపాక్షి నాలెడ్జ్ హబ్. 2008-09 ప్రాంతంలో ఆ పేరుతో చిలమత్తూరు, గోరంట్ల మండలాల్లో ఎనిమిది వేల ఎకరాలకు పైగా భూమి కేటాయించారు. చెప్పిన పరిశ్రమలు రాలేదు. వ్యవహారం కోర్టులకెక్కింది. భూమి ఇచ్చినంత మాత్రాన పట్టణం పుట్టదని దీన్నిబట్టి తెలుస్తుంది.

మూడో పాఠం కియా. అక్కడ సుమారు 536 ఎకరాల్లో, 110 కోట్ల డాలర్ల పెట్టుబడితో, ఏడాదికి మూడు లక్షల కార్లు తయారుచేయగల కర్మాగారం వచ్చింది. భూమి అక్కడా ఇచ్చారు, ఇక్కడా ఇచ్చారు. తేడా ఎక్కడుంది? 44వ నంబరు జాతీయ రహదారి పక్కనే ఉంది. గొల్లపల్లి జలాశయానికి హంద్రీ-నీవా నీళ్ళు వచ్చాయి. ఏమి తయారుచేయాలో, ఎవరికి అమ్మాలో తెలిసిన సంస్థ వచ్చింది. విడిభాగాలు తయారుచేసే కంపెనీలు వెంట వచ్చాయి. భూమి, నీరు, దారి, సరుకు, మార్కెట్టు ఇవన్నీ ఒకచోట కలిస్తేనే పని జరుగుతుంది.

నాలుగో పాఠం మన గోరంట్ల మండలంలోనే, పాలసముద్రం దగ్గర ఉంది. కస్టమ్స్, జీఎస్టీ అధికారులకు శిక్షణ ఇచ్చే జాతీయ అకాడమీ అక్కడ 500 ఎకరాల్లో నిర్మించారు. 2015లో శంకుస్థాపన జరిగింది, 2024 జనవరి 16న ప్రధానమంత్రి ప్రారంభించారు. దేశం నలుమూలల నుంచి అధికారులు వచ్చి ఉండే చోటు అది. వాళ్ళకు కావలసిన కూరగాయలు, పాలు, బండ్లు, బట్టల ఉతుకు, మరమ్మతులు ఎక్కడినుంచి వస్తున్నాయి? గోరంట్ల నుంచా, హిందూపురం నుంచా, బెంగుళూరు నుంచా? ఈ ప్రశ్న వేయడం వచ్చిందంటే మీరు సగం పని నేర్చినట్టే.

ఇక పెనుకొండ చూడండి. ఒకప్పుడు విజయనగర రాజులకు రాజధానిగా ఉన్న ఊరు, మన కళ్ళముందు పంచాయతీగా ఉండి నగర పంచాయతీ అయింది. 2021 నవంబరులో దానికి ఎన్నికలు జరిగాయి. జనాభా లెక్కల వాళ్ళు ఒక ఊరిని పట్టణం అనడానికి మూడు గుర్తులు చూస్తారు: జనాభా 5,000 తగ్గకూడదు, మగ పనివారిలో నూటికి 75 మంది వ్యవసాయం కాని పనుల్లో ఉండాలి, చదరపు కిలోమీటరుకు 400 మంది ఉండాలి. రెండో గుర్తు మళ్ళీ చదవండి. పట్టణం అంటే మిద్దెలు కాదు, పనులు మారడం.

నేర్చుకోవలసిన రెండు లెక్కలు

పాఠం అన్నాం కాబట్టి రెండు లెక్కలు నేర్పకుండా వదలం. నోటుబుక్కులో వేసి చూడండి. అంకెలు ఉదాహరణకు వేసుకున్నవి.

మొదటి లెక్క: ఊరి ప్రత్యేకత. ఒక ఊళ్ళో 1,000 మంది పనివాళ్ళున్నారు, వారిలో 150 మంది నేతపని చేస్తారు. అంటే నూటికి 15. రాష్ట్రం మొత్తంలో నేతపనివారు నూటికి 5 అనుకుందాం. 15ను 5తో భాగిస్తే 3 వస్తుంది. దీన్ని లొకేషన్ కోషెంట్ అంటారు. 1 కంటే ఎక్కువ వస్తే ఆ ఊరు ఆ సరుకును తన అవసరానికి మించి తయారుచేసి బయటికి అమ్ముతోందని అర్థం. బయటి డబ్బు ఊళ్ళోకి వచ్చే దారి అదే. ధర్మవరానికి పట్టుచీరె ఎలాంటిదో, హిందూపురానికి పట్టుగూళ్ళ మార్కెట్టు, చింతపండు, బెల్లం ఎలాంటివో ఈ లెక్క చెబుతుంది.

రెండో లెక్క: ఊళ్ళో డబ్బు తిరగడం. బి.ఏ.లో గుణకం పాఠం మార్కుల కోసం బట్టీపట్టాం కదా, దాని ఉపయోగం ఇక్కడ. బయటినుంచి ఊళ్ళోకి రూ.100 వచ్చింది. అందులో రూ.40 మళ్ళీ ఊళ్ళోనే ఖర్చయింది, మిగతాది బయటికి పోయింది. ఆ 40లో నూటికి 40 చొప్పున రూ.16 మళ్ళీ ఊళ్ళో ఖర్చయింది. ఇలా పోగా పోగా మొత్తం సుమారు రూ.167 పని జరుగుతుంది. అదే నూటికి 20 మాత్రమే ఊళ్ళో మిగిలితే మొత్తం రూ.125 దగ్గర ఆగిపోతుంది. కొత్త పరిశ్రమ రాకపోయినా, ఉన్న డబ్బు ఊళ్ళో ఇంకొక్క చేయి మారేలా చేస్తే ఊరు బాగుపడుతుంది. సంతకు నీడ, బండ్లకు స్థలం, మార్కెట్టులో నీళ్ళు, దుకాణదారుకు బ్యాంకు అప్పు – వీటి విలువ ఈ లెక్కలో కనబడుతుంది.

ఈ లెక్కలు ముందే వేసిన మహానుభావుడు

హాస్టల్ గోడమీద రోజూ చూసే ఫోటో అంబేద్కర్ గారిది. రాజ్యాంగం రాశారని మనకు తెలుసు. ఆయన మొదట అర్థశాస్త్రవేత్త అన్న సంగతి మనలో చాలామందికి గుర్తుండదు. 1913లో, 22 ఏళ్ళ వయసులో, బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ ఇచ్చిన స్కాలర్‌షిప్పుతో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్ళి అర్థశాస్త్రం చదివారు. తర్వాత లండన్‌లో చదివారు.

1918లో ఆయన భారతదేశంలోని చిన్న కమతాల మీద ఒక వ్యాసం ప్రచురించారు. అప్పట్లో చాలామంది చిన్న కమతాలను కలిపేస్తే సేద్యం బాగుపడుతుందన్నారు. అంబేద్కర్ గారు అసలు జబ్బు కమతం చిన్నది కావడం కాదన్నారు. భూమిమీద ఆధారపడిన మనుషులు ఎక్కువై, పనిలేక ఉండిపోవడం జబ్బు. ఆ మనుషులకు పరిశ్రమల్లో పని దొరికితే సేద్యమూ బాగుపడుతుందని ఆయన వాదన. నూరేళ్ళ కిందటి ఆ మాటను పాలసముద్రం క్రాసు దగ్గర బెంగుళూరు బస్సుకోసం మూటాముల్లెతో నిలబడిన కుటుంబాన్ని చూస్తూ చదవండి, బాగా అర్థమవుతుంది.

ఏమి చదవాలి?

ఈ రంగానికి ఒకే డిగ్రీ అంటూ లేదు. మాకు తెలిసిన దారులు ఇవి.

1. అర్థశాస్త్రం ఎం.ఏ.: అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం, 2018లో అనంతపురంలో మొదలైన కేంద్రీయ విశ్వవిద్యాలయం, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం. గణాంకశాస్త్రానికి భయపడి తప్పించుకోవద్దు. ఈ రంగంలో అన్నం పెట్టేది అదే.

2. ప్లానింగ్: 2008లో మొదలైన విజయవాడ స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్, ఢిల్లీలోని అదే పేరుగల సంస్థ, అహ్మదాబాద్ సెప్ట్, హైదరాబాద్ జె.ఎన్.ఎ.ఎఫ్.ఎ.యు. ఇంజనీర్లకే ఈ చదువు అనుకుంటారు. అర్థశాస్త్రం, భూగోళశాస్త్రం, సమాజశాస్త్రంలో పీజీ చేసినవారిని కూడా ఎం.ప్లానింగ్‌లోకి తీసుకునే సంస్థలున్నాయి. ఏటా వచ్చే ప్రకటనలో అర్హతలు చూసుకోండి.

3. పట్టణ పాలన, అభివృద్ధి చదువులు: ముంబయి టాటా సామాజిక శాస్త్రాల సంస్థ, బెంగుళూరు అజీం ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయం వంటివి. బెంగుళూరు మనకు హైదరాబాదు కంటే దగ్గర. కూలికే కాదు, చదువుకూ పోవచ్చు.

ఫీజుల సంగతికి వస్తే పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్పు గురించి మీకు తెలుసు. విదేశాల్లో పీజీ, పీహెచ్‌డీ చేయాలనుకునే ఎస్సీ విద్యార్థులకు, భూమిలేని వ్యవసాయ కూలీల పిల్లలకు కేంద్ర ప్రభుత్వ నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్పు ఉంది. పరిశోధన చేసే ఎస్సీ విద్యార్థులకు నేషనల్ ఫెలోషిప్పు ఉంది. ఆదాయ, కుల ధ్రువపత్రాలు గడువు ముగియకుండా ఎప్పటికప్పుడు తీసి పెట్టుకోండి. మాలో ఒకరు ఒక్క కాగితం పాతదై ఒక ఏడాది పోగొట్టుకున్నారు.

ఉద్యోగాలు ఎక్కడున్నాయి?

1993 జూన్ 1న అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ 12వ షెడ్యూలులో పట్టణ సంస్థలకు 18 పనులు చూపించింది. అందులో మూడోది ఆర్థిక, సామాజికాభివృద్ధికి ప్రణాళిక వేయడం. కుళాయి, కాలువ, వీధి దీపంలాగే ఇదీ పట్టణం పనే. కాబట్టి ఈ ఉద్యోగం రాజ్యాంగంలోనే ఉందని చెప్పవచ్చు.

ప్రభుత్వంలో: గ్రూప్-1లో గ్రేడ్-2 మున్సిపల్ కమిషనరు, గ్రూప్-2లో గ్రేడ్-3 మున్సిపల్ కమిషనరు పోస్టులు వస్తుంటాయి. అర్థశాస్త్రం పీజీ ఉన్నవారికి యు.పి.ఎస్.సి. నిర్వహించే ఇండియన్ ఎకనమిక్ సర్వీసు పరీక్ష ఉంది. దాని పేరు విన్నవాళ్ళే మనలో తక్కువ. పట్టణ పేదల కోసం 2007లో ఏర్పడిన మెప్మా, 1973 నుంచి పారిశ్రామికవాడలు చూస్తున్న ఏ.పి.ఐ.ఐ.సి., పట్టణాభివృద్ధి సంస్థలు ఉన్నాయి.

బయట: మాస్టర్ ప్లాన్లు, సర్వేలు చేసే కన్సల్టెన్సీలు, పరిశోధనా సంస్థలు, స్వచ్ఛంద సంస్థలు ఉన్నాయి. ఎక్కువగా కాంట్రాక్టు ఉద్యోగాలు. పథకం ఉన్నన్నాళ్ళే జీతం. 2015లో మొదలైన స్మార్ట్ సిటీ మిషన్ 2025 మార్చితో ముగిసింది, దాన్నే నమ్ముకున్నవారు వేరే పని వెతుక్కోవలసి వచ్చింది. అందుకే పథకం పేరు మీద కాదు, చేతిలో ఉన్న నైపుణ్యం మీద నిలబడండి.

మా పొరపాట్లు

మొదటి పొరపాటు: పీజీ కాగానే కోచింగు గదుల్లో మూడేళ్ళు కూర్చున్నాం. పరీక్షలు రాయడం తప్పు కాదు. ఆ మూడేళ్ళలో ఒక్క సర్వే చేయలేదు, ఒక్క కంప్యూటరు కోర్సు నేర్వలేదు. అది తప్పు.

రెండోది చెప్పడానికి సిగ్గుగా ఉంది. మాలో ఒకరు మొదట చేరిన కన్సల్టెన్సీలో ఒక చిన్న పట్టణం మీద రిపోర్టు తయారుచేయాలి. గడువు దగ్గరపడింది. కొన్ని సర్వే ఫారాలు గదిలో కూర్చునే నింపారు, మనవాడూ నింపాడు. ఇంకో ఊరి రిపోర్టులో పేజీలు తెచ్చి అతికించారు. సమావేశంలో ఒక కౌన్సిలరు లేచి, "సార్, మా ఊళ్ళో సముద్రం ఎక్కడుంది? చేపల రేవు బాగుచేయాలని రాశారు" అన్నారు. అందరూ నవ్వారు. మనవాడికి మాత్రం ఆ రాత్రి నిద్రపట్టలేదు. ఆ ఫారాల్లో ఉండాల్సింది కూలికిపోయే మనుషుల బతుకులు. మన అమ్మానాన్నల లెక్కను ఇంకెవరో గదిలో కూర్చుని రాస్తే ఎలా ఉంటుంది? ఆ తర్వాత ఇంటింటికీ తిరగకుండా ఒక్క ఫారం నింపలేదు.

ఇప్పటినుంచే చేయవలసినవి

1. పదో తరగతి తమ్ముళ్ళు: శాతాలు, నిష్పత్తులు తడబడకుండా వేయడం నేర్చుకోండి. ఈ రంగంలో సగం లెక్క అదే.

2. ఇంటర్, డిగ్రీ తమ్ముళ్ళు: జిల్లా ముఖ్య ప్రణాళికాధికారి కార్యాలయం గణాంకాల పుస్తకం వేస్తుంది. జనాభా లెక్కల శాఖవారి జిల్లా పుస్తకంలో మన ఊరి పేజీ ఉంటుంది. మీ మండలం అంకెలు తీసి పైన చెప్పిన మొదటి లెక్క వేయండి.

3. సెలవులకు ఇంటికి పోయినప్పుడు బస్టాండులో ఇరవై మంది తోపుడుబండ్ల వాళ్ళతో మాట్లాడండి. సరుకు ఎక్కడ కొంటారు, అప్పు ఎంత వడ్డీకి తెస్తారు, రోజుకు ఎంత మిగులుతుంది అని రాసుకోండి. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం పట్టణ విక్రయ కమిటీలో నూటికి 40 మంది వీధి వ్యాపారులే ఉండాలి. ఆ సంగతి వాళ్ళకు తెలుసా అని కూడా అడగండి.

4. పీజీ తమ్ముళ్ళు: కంప్యూటరులో ఎక్సెల్, మ్యాపులు గీసే ఒక సాఫ్ట్‌వేరు, తప్పులేకుండా రెండు పేజీల ఇంగ్లీషు – ఈ మూడూ పట్టుకోండి. తెలుగు వదలకండి. ఊళ్ళో మనిషితో మాట్లాడి నిజం రాబట్టగలిగేది మన భాషలోనే.

5. ఈ సంచికను మీ చెల్లెళ్ళకు ఇచ్చి చదివించండి. పట్టణాల్లో పొదుపు సంఘాలు నడిపేది ఆడవాళ్ళే. ఆ సంఘాల లెక్కలు చూసే అధికారులుగా కూడా వాళ్ళు రావాలి.

చివరి మాట

ఈ ఉద్యోగంలో మొదట్లో జీతం తక్కువ. ఇంట్లోవాళ్ళకు ఏం పనో చెప్పినా అర్థం కాదు. మా అమ్మ ఇప్పటికీ "మావాడు ఊర్లు లెక్కబెడతాడు" అనే చెబుతుంది. అది నిజమే కాబట్టి మేమూ సరిదిద్దలేదు.

మన ప్రాంతానికి ఇంకా పరిశ్రమలు వస్తాయి, రోడ్లు వస్తాయి. ఏ ఊరికి ఏమి రావాలో ఏదో ఒక గదిలో నలుగురు కూర్చుని తేలుస్తారు. ఆ నలుగురిలో హాస్టల్ అన్నం తిన్న మనిషి ఒక్కడుంటే, "ఆ హాస్టల్లో పదో తరగతి పిల్లలు ఎంతమంది ఉన్నారు, వాళ్ళకు ఈ కబురు ఎవరు చెబుతారు?" అని అడుగుతాడు. 2017లో అడగవలసిన ప్రశ్న అది. వచ్చేసారి అడగడానికి మీలో ఒకరు అక్కడ ఉండాలి.

మా గది తలుపులు మీకు ఎప్పుడూ తెరిచే ఉంటాయి. వార్షికోత్సవానికి ఏటా వస్తాం. బస్సుకు టైమైందని ఈసారి మాత్రం లేచిపోం.

మీ అన్నలు,
పూర్వ విద్యార్థులు, గోరంట్ల